సీజన్ మధ్యలో సర్వర్ ఆగకుండా: డేటాబేస్ ఫైళ్లకు డిస్క్‌లో చోటు ముందే కేటాయించుకోవడం ఎలా

వడ్లు మిల్లులకు రావడం మొదలైందంటే మిర్యాలగూడ, హాలియా వైపు నుంచి ఒకే తీరు ఫోన్లు వస్తాయి. "అన్నా, కాంటా మీద లారీ ఉంది, సేవ్ కొడితే తిరుగుతనే ఉంది. డిస్క్‌ల జాగ బాగనే ఉంది కదా, ఎందుకైతుంది?" మహబూబ్‌నగర్‌లో ల్యాబులు నడిపేవాళ్లూ, జడ్చర్లలో గోదాం లెక్కలు చూసేవాళ్లూ అడిగేది కూడా ఇదే.

డిస్క్‌లో చోటు ఉండటం వేరు, ఆ చోటు డేటాబేస్ ఫైల్ చేతికి రావడం వేరు. చేతికి రావడానికి కొంత టైమ్ పడుతుంది, ఆ కాసేపు ఎవరో ఒకరు ఆగాలి. కాంటా మీది లారీ ఆగాలా, లేక రాత్రి ఎవరూ వాడని వేళ ఆ పని అయిపోవాలా అన్నది మనం పెట్టే సెట్టింగ్ మీద ఉంటుంది.

నేను చూసిన ధర్మకాంటా, బిల్లింగ్, ల్యాబ్ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ శాతం ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌కు ఉచిత ఎడిషన్) మీదే నడుస్తున్నాయి. అందుకే స్టెప్పులన్నీ దానికే రాస్తున్నాను. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లు నేరుగా చివరి భాగానికి వెళ్లొచ్చు. కానీ మొదటి భాగం, నాలుగో భాగం ఎవరికైనా పనికొస్తాయి.

1. లోపల జరిగేది ఏమిటి

ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాను 8 కేబీ పేజీల్లో రాస్తుంది. ఎనిమిది పేజీలు కలిస్తే ఒక ఎక్స్‌టెంట్, అంటే 64 కేబీ. కొత్త తూకం చీటీ సేవ్ చేసినప్పుడు ముందు ఉన్న పేజీల్లో ఖాళీ వెతుకుతుంది. దొరక్కపోతే ఫైల్‌లో మిగిలిన ఎక్స్‌టెంట్ తీసుకుంటుంది. అవి కూడా అయిపోతేనే విండోస్‌ను అడిగి ఫైల్ సైజ్ పెంచుకుంటుంది. ఈ చివరి మెట్టునే ఆటోగ్రోత్ అంటారు. ఆలస్యం ఇక్కడే.

ఫైల్‌ను గోదాం అనుకోండి. బస్తాలు బయటికి పంపినంత మాత్రాన గోదాం చిన్నదవదు, లోపల ఖాళీ మిగులుతుంది, అంతే. పాత రికార్డులు డిలీట్ చేసినా డేటా ఉండే ఎండీఎఫ్ ఫైల్ సైజ్ తగ్గకపోవడానికి కారణం ఇదే. అది తప్పు కాదు. ఆ ఖాళీలోకే కొత్త డేటా వస్తుంది.

ప్రతి డేటాబేస్‌కు కనీసం రెండు ఫైళ్లుంటాయి. ఎండీఎఫ్‌లో డేటా, ఎల్‌డీఎఫ్‌లో లాగ్, అంటే డేటాలో జరిగే మార్పుల చిట్టా. రెండూ పెరిగే పద్ధతి వేరు, కారణాలు వేరు. ఒకదానికి చెప్పిన మందు రెండోదానికి వేయకండి.

2. కూర్చునే ముందు

పని రాత్రి పెట్టుకోండి, కాంటా మూసేశాక. దగ్గర ఉండాల్సినవి:

- సర్వర్‌లో అడ్మినిస్ట్రేటర్ లాగిన్, ఎస్‌క్యూఎల్‌లో ఎస్‌ఏ లేదా సిస్అడ్మిన్ హక్కు
- మేనేజ్‌మెంట్ స్టూడియో (ఎస్‌క్యూఎల్ సర్వర్ సెట్టింగ్‌లు చూసి మార్చే ప్రోగ్రామ్)
- ఆ రోజే తీసిన ఫుల్ బ్యాకప్, ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి
- యూపీఎస్ బ్యాటరీ పనిచేస్తోందని ఒకసారి ప్లగ్ పీకి చూసుకోవడం
- సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్

బ్యాకప్ గురించి ఒక ముక్క. బ్యాకప్‌లోకి వాడుకలో ఉన్న పేజీలే వెళ్తాయి, ఖాళీ వెళ్లదు. కానీ రిస్టోర్ చేసేటప్పుడు మాత్రం ఫైల్ పూర్తి సైజంత చోటు కావాలి. 8 జీబీ ఫైల్‌లో 2 జీబీ డేటా ఉంటే బ్యాకప్ 2 జీబీకి అటూ ఇటూ ఉంటుంది, రిస్టోర్‌కు మాత్రం 8 జీబీ పైనే కావాలి. పాత ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ కావట్లేదని కంగారుపడేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

3. ఇప్పుడున్న పరిస్థితి రాసుకోండి

1. మేనేజ్‌మెంట్ స్టూడియోలో మీ డేటాబేస్ మీద రైట్ క్లిక్ చేసి రిపోర్ట్స్, స్టాండర్డ్ రిపోర్ట్స్, డిస్క్ యూసేజ్ తెరవండి. డేటా ఫైల్ ఎంత, అందులో వాడింది ఎంత, ఖాళీ ఎంత అన్నది అక్కడ కనిపిస్తుంది.

2. ఈమధ్య ఫైల్ పెరిగి ఉంటే, ఆ రిపోర్ట్‌లోనే ఆటోగ్రోత్ ఈవెంట్ల వరుస విడిగా ఉంటుంది. ఏ టైమ్‌కు పెరిగింది, ఎన్ని మిల్లీసెకండ్లు పట్టింది రెండూ చూడండి. పగటి పూట వరుసగా పదుల కొద్దీ లైన్లు కనిపిస్తే మీ జబ్బు దొరికినట్టే.

3. డేటాబేస్ ప్రాపర్టీస్‌లో ఫైల్స్ పేజీకి వెళ్లి సైజ్, ఆటోగ్రోత్, పాత్ మూడూ కాగితం మీద రాసుకోండి. పాత్ సీ డ్రైవ్‌లో ఉందా? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ కొడుతూ పోతే అక్కడికే వెళ్తుంది.

4. ఆప్షన్స్ పేజీలో ఆటో ష్రింక్ ఫాల్స్ అని ఉండాలి. ట్రూ ఉంటే ఇప్పుడే మార్చేయండి. పగలు పెంచడం, ఖాళీ దొరికితే కుదించడం, మళ్లీ పెంచడం: సర్వర్‌కు ఇంతకన్నా దండగ పని లేదు.

4. సీజన్‌కు ఎంత పెరుగుతుందో లెక్క కట్టండి

అందరూ దాటేసే స్టెప్ ఇది. అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

ఒక మిల్లు అనుకుందాం. రోజుకు 200 లారీలు. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి, లారీకి రెండు తూకాలు. అంటే 400 రికార్డులు. ఒక్కో రికార్డు 1 కేబీ అనుకున్నా రోజుకు 400 కేబీ, 60 రోజుల సీజన్‌కు 24 ఎంబీ కూడా దాటదు. దీనికి ఏ టెన్షనూ అక్కర్లేదు.

ఇప్పుడు కెమెరా కలపండి. తూకానికి రెండు ఫోటోలు, ముందు నంబర్ ప్లేటు, పైనుంచి లోడు. రోజుకు 800 ఫోటోలు. ఫోటో 100 కేబీ చొప్పున 80,000 కేబీ, అంటే దాదాపు 78 ఎంబీ. అరవై రోజులకు 4,680 ఎంబీ, నాలుగున్నర జీబీ పైమాట. 24 ఎంబీ ఎక్కడ, నాలుగున్నర జీబీ ఎక్కడ! సాఫ్ట్‌వేర్ ఫోటోలను ఫోల్డర్‌లో పెడుతోందా, డేటాబేస్ లోపలే పెడుతోందా అని మీ వెండర్‌ను అడిగి తీరాలి.

ఎక్స్‌ప్రెస్‌లో దీనికి ఇంకో చిక్కుంది. 2008 ఆర్2 నుంచి 2022 దాకా ఒక్కో డేటాబేస్‌కు డేటా ఫైళ్ల పరిమితి 10 జీబీ. లాగ్ ఈ లెక్కలోకి రాదు. 2025 వెర్షన్‌లో దాన్ని 50 జీబీకి పెంచారు. పై మిల్లులో ఫోటోలు లోపలే ఉంటే వానాకాలం, యాసంగి రెండు సీజన్లకే పాత వెర్షన్ పరిమితి నిండిపోతుంది.

లెక్క ఇలా వేయండి:

- ఇప్పుడు వాడింది: 2,050 ఎంబీ
- సీజన్‌కు వచ్చేది: 4,680 ఎంబీ
- ఎందుకైనా మంచిదని అందులో నాలుగో వంతు: 1,170 ఎంబీ
- మొత్తం: 7,900 ఎంబీ, గుండ్రంగా 8,192

మీ అంకెలు వేరుగా ఉంటాయి. రోజువారీ పెంపు తెలియకపోతే రెండు బ్యాకప్‌ల సైజులు పోల్చండి, వారం క్రితంది, ఇవాళ్టిది. రెండింటిలో ఒకటి కంప్రెస్ చేసినది కాకుండా చూసుకోండి. తేడాను ఏడుతో భాగిస్తే రోజు లెక్క వస్తుంది. అయితే ఆ వారం సీజన్‌లోదై ఉండాలి. లారీలు లేని ఆగస్టు వారం తీసుకుంటే లెక్క తప్పుతుంది.

5. విండోస్ దగ్గర ముందుగా ఒక హక్కు ఇప్పించండి

ఫైల్ పెంచినప్పుడు కొత్త చోటు మొత్తం సున్నాలతో నింపడం మామూలు పద్ధతి. హార్డ్ డిస్క్ మీద జీబీల కొద్దీ నింపాలంటే చాలాసేపు పడుతుంది. ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్ ఆన్‌లో ఉంటే డేటా ఫైల్‌కు ఆ నింపుడు ఉండదు, పెంపు క్షణాల్లో అయిపోతుంది.

1. లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరవండి. లోకల్ పాలసీస్, తర్వాత యూజర్ రైట్స్ అసైన్‌మెంట్.
2. "పర్ఫార్మ్ వాల్యూమ్ మెయింటెనెన్స్ టాస్క్స్" మీద డబుల్ క్లిక్ చేసి ఎస్‌క్యూఎల్ సర్వీస్ ఏ అకౌంట్ మీద నడుస్తోందో దాన్ని చేర్చండి. అకౌంట్ పేరు కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో, లాగ్ ఆన్ యాజ్ కాలమ్‌లో ఉంటుంది.
3. ఎస్‌క్యూఎల్ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. చేయకపోతే హక్కు అమల్లోకి రాదు.
4. ఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్ మొదటి లైన్లలో ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్ ఎనేబుల్డ్ అని కనిపించాలి.

2016 నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దీనికి టిక్ బాక్స్ ఉంది. ఎవరూ టిక్ చేయరు, అది వేరే సంగతి.

లాగ్ ఫైల్‌కు ఈ సదుపాయం లేదు. 2022 నుంచి మాత్రం 64 ఎంబీ దాకా ఉన్న లాగ్ ఆటోగ్రోత్‌కు వర్తిస్తుంది.

6. డేటా ఫైల్‌ను ఒకేసారి పెంచండి

ప్రాపర్టీస్, ఫైల్స్ పేజీలో డేటా ఫైల్ ఎదురుగా సైజ్ గడిలో 8192 కొట్టి ఓకే నొక్కండి. పనయిపోయింది.

నొక్కే ముందు చూసుకోవాల్సినవి:

- పెంచాక కూడా ఆ డ్రైవ్‌లో ఐదో వంతు ఖాళీ మిగలాలి (ఇది నా కొలత, మీరు ఇంకా ఎక్కువే పెట్టుకోండి)
- ఎక్స్‌ప్రెస్ పాత వెర్షన్ అయితే 10,240 దాటకూడదు. పరిమితి చూసేది ఫైల్ సైజునే, లోపలి డేటాను కాదు
- ఆ ఫోల్డర్‌కు విండోస్ కంప్రెషన్ ఆన్‌లో ఉండకూడదు
- యాంటీవైరస్ స్కాన్ నుంచి ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్, బ్యాక్ ఫైళ్లను తప్పించి ఉండాలి

ఇంకో ఎన్‌డీఎఫ్ (అదనపు డేటా) ఫైల్ చేరిస్తే 10 జీబీ గండం తప్పుతుందని కొందరు చెబుతారు. తప్పదు. పరిమితి డేటాబేస్‌లోని డేటా ఫైళ్లన్నిటికీ కలిపి. సీజన్‌కో కొత్త డేటాబేస్ పెట్టే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అది పనికొస్తుంది. ఫోటోలను ఫోల్డర్‌లోకి మార్చి డేటాబేస్‌లో వాటి పాత్ మాత్రమే ఉంచడం ఇంకా మంచిది.

7. ఆటోగ్రోత్‌ను సరిచేయండి

ముందే పెంచుకున్నాం కాబట్టి ఆటోగ్రోత్ అవసరం రాకూడదు. అయినా ఆఫ్ చేయకండి. లెక్క తప్పిన రోజు అదే కాపాడుతుంది.

2016కు ముందు డేటా ఫైల్ డిఫాల్ట్ పెంపు 1 ఎంబీ, లాగ్‌ది 10 శాతం. 2016 నుంచి రెండూ 64 ఎంబీ. కానీ ఈ సెట్టింగ్ ఫైల్‌తోనే ప్రయాణిస్తుంది. పదేళ్ల కింద తయారైన డేటాబేస్‌ను ఇవాళ కొత్త సర్వర్‌లో రిస్టోర్ చేసినా పాత 1 ఎంబీయే ఉంటుంది. సర్వర్ కొత్తది కదా అని ఊరుకోవద్దు, చూడండి.

మన మిల్లు లెక్కలో 1 ఎంబీ పెంపు అంటే రోజుకు 78 సార్లు ఫైల్ పెరగాలి, సీజన్‌లో 4,680 సార్లు. 64 ఎంబీ అయితే 70 పైచిలుకు. 512 అయితే పదిసార్లు.

శాతాల పెంపు ఇంకో రకం ఇబ్బంది. 200 ఎంబీ ఫైల్‌లో 10 శాతం అంటే 20 ఎంబీ, ఎవరికీ తెలియదు. అదే లాగ్ 20 జీబీకి చేరాక 10 శాతం అంటే 2 జీబీ, అదీ సున్నాలతో నింపాలి. ఈలోపు సాఫ్ట్‌వేర్ టైమ్ అవుట్ కొట్టి వదిలేస్తే, సగం అయిన పెంపు కూడా రద్దవుతుంది. తర్వాత సేవ్ కొట్టినవాళ్లు మళ్లీ మొదటి నుంచి. ఎర్రర్ లాగ్‌లో 5144 నంబర్ పదేపదే కనిపిస్తే జరుగుతున్నది ఇదే.

ఆటోగ్రోత్ గడి పక్కన మూడు చుక్కల బటన్ నొక్కి ఇలా పెట్టండి:

- డేటా ఫైల్: ఇన్ మెగాబైట్స్, 256 (పెద్ద డేటాబేస్‌కు 512)
- లాగ్ ఫైల్: ఇన్ మెగాబైట్స్, 64
- ఇన్ పర్సెంట్: ఎక్కడా వద్దు
- లాగ్ మ్యాగ్జిమమ్ సైజ్: సీ డ్రైవ్‌లోనే ఉండక తప్పకపోతే ఒక పరిమితి పెట్టండి, లేకుంటే ఒకరోజు విండోస్‌కే చోటుండదు

8. లాగ్ ఫైల్ కథ వేరు

3 జీబీ డేటాకు 40 జీబీ ఎల్‌డీఎఫ్ ఉందంటే దాదాపు ప్రతిసారీ ఒకటే కారణం: రికవరీ మోడల్ (లాగ్‌ను ఎప్పటిదాకా దాచాలో చెప్పే సెట్టింగ్) ఫుల్‌లో ఉంది, లాగ్ బ్యాకప్ ఎవరూ తీయట్లేదు. ఫుల్ మోడల్‌లో లాగ్ బ్యాకప్ అయితేనే లోపలి చోటు మళ్లీ వాడుకలోకి వస్తుంది. రోజూ ఫుల్ బ్యాకప్ తీస్తున్నామంటే సరిపోదు, దానికి లాగ్ ఖాళీ కాదు.

నిర్ణయం మీది. మధ్యాహ్నం మూడింటికి సర్వర్ పోతే మూడింటి దాకా ఉన్న డేటా కావాలా? అయితే ఫుల్ మోడల్ ఉంచి అరగంటకో గంటకో లాగ్ బ్యాకప్ పెట్టండి. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (పనులను టైమ్‌కు నడిపే భాగం) ఉండదు కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో నడపాలి. నిన్న రాత్రి బ్యాకప్ చాలు, ఇవాళ్టి చీటీలు కాగితం చూసి మళ్లీ ఎక్కించుకుంటాం అంటే సింపుల్ మోడల్‌కు మార్చండి, అందులో లాగ్ లోపలి చోటు దానంతటదే మళ్లీ వాడుకలోకి వస్తుంది. చిన్న కాంటాకు నా ఓటు సింపుల్‌కే. ల్యాబ్ రిపోర్టులకు, డబ్బు లెక్కలకు మాత్రం ఫుల్.

లాగ్ చిన్న చిన్న ముక్కలుగా పెరిగితే ఇంకో బెడద. లాగ్ లోపల వర్చువల్ లాగ్ ఫైళ్లు అనే భాగాలుంటాయి. 64 ఎంబీ లోపు పెంపుకు 4 (2022 నుంచి ఒక్కటే), 64 నుంచి 1 జీబీ దాకా 8, ఆపైన 16 భాగాలు ఏర్పడతాయి. 2014 నుంచి, పెంపు లాగ్ సైజులో ఎనిమిదో వంతు కన్నా తక్కువైతే ఒక్కటే. పాత సర్వర్లలో ఇవి వేలకు చేరతాయి. అప్పుడు కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేచినప్పుడు డేటాబేస్ "ఇన్ రికవరీ" దగ్గరే చాలాసేపు కూర్చుంటుంది.

మందు: లాగ్ బ్యాకప్ తీసి (లేదా సింపుల్‌కు మార్చి), లాగ్ ఫైల్‌ను ఒకసారి చిన్న సైజుకు ష్రింక్ చేసి, వెంటనే సైజ్ 1024 ఎంబీకి ఒకేసారి పెంచండి.

9. ష్రింక్ ఎప్పుడు, ఎప్పుడు కాదు

డేటా ఫైల్‌ను ష్రింక్ చేస్తే చివరన ఉన్న పేజీలను ఎత్తి ముందున్న ఖాళీల్లో పెడుతుంది. ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతికే జాబితా) వరుస చెదిరిపోతుంది, రిపోర్టులు నెమ్మదిస్తాయి. ఫోటోలున్న టేబుల్ అయితే ష్రింక్ గంటల తరబడి నడుస్తుంది. వచ్చే సీజన్‌కు ఫైల్ మళ్లీ పెరగాల్సిందే.

ఫోటోలన్నీ శాశ్వతంగా బయటికి తరలించారు, ఇక ఆ చోటు అవసరం లేదు అనుకున్నప్పుడు ఒక్కసారి చేయండి. చేశాక ఇండెక్స్‌లు రీబిల్డ్ చేయాలి. ముందు టాస్క్స్, ష్రింక్, ఫైల్స్‌లో "రిలీజ్ అన్‌యూజ్డ్ స్పేస్" ఎంచుకుని చూడండి. అది పేజీలను కదపదు, ఫైల్ చివరి ఖాళీని మాత్రమే విండోస్‌కు తిరిగిస్తుంది.

10. లారీలు లైన్‌లో ఉండగా నిండిపోతే

ముందు ఎర్రర్ నంబర్ ఫోటో తీసుకోండి. దాన్ని బట్టే దారి.

- 1105: డేటా ఫైల్‌లో చోటు లేదు. వెంట ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 112 ఉంటే డిస్కే నిండింది. పాత బ్యాకప్‌లను ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు తరలించండి. డిస్క్ ఖాళీగా ఉంటే మ్యాగ్జిమమ్ సైజ్ గడి చూడండి.
- 1827: ఎక్స్‌ప్రెస్ పరిమితి తగిలింది. వెండర్‌తో మాట్లాడి పాత సీజన్ ఫోటోలను బయటికి కాపీ చేసి, ఒక్కసారే కాకుండా 500 చొప్పున డిలీట్ చేయించండి. ష్రింక్ అక్కర్లేదు, లోపల వచ్చిన ఖాళీలోకే కొత్తవి వెళ్తాయి.
- 9002: లాగ్ నిండింది. సిస్.డేటాబేసెస్ వ్యూలో log_reuse_wait_desc కాలమ్ చదవండి. లాగ్ బ్యాకప్ అని ఉంటే లాగ్ బ్యాకప్ తీయండి. యాక్టివ్ ట్రాన్సాక్షన్ అని ఉంటే ఎవరి సిస్టమ్‌లోనో పని సగంలో తెరిచి ఉంది, దాన్ని ముగించండి.

ఎల్‌డీఎఫ్‌ను డిలీట్ చేసి మళ్లీ అటాచ్ చేస్తే సరిపోతుందని వీడియోల్లో చూపిస్తారు. చేయకండి. అప్పటికి ముగియని లావాదేవీలు అందులోనే ఉంటాయి. డేటాబేస్ మళ్లీ తెరుచుకోకపోతే బ్యాకప్ తప్ప గతి లేదు.

11. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు

మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో పేజీ 16 కేబీ, ఎక్స్‌టెంట్ 1 ఎంబీ. 5.6 నుంచి డిఫాల్ట్‌గా ప్రతి టేబుల్‌కు సొంత ఐబీడీ ఫైల్ ఉంటుంది, ముందు పేజీ పేజీగా, పెద్దదయ్యాక ఎక్స్‌టెంట్లుగా పెరుగుతుంది. ఐబీడేటా1 అనే ఉమ్మడి ఫైల్ 64 ఎంబీ చొప్పున పెరుగుతుంది. మీ టేబుళ్లు అందులోనే ఉంటే డిలీట్ చేసినా డిస్క్‌కు చోటు తిరిగి రాదు. విడి టేబుల్‌కు ఆప్టిమైజ్ టేబుల్ నడిపితే వస్తుంది. కానీ ఆ టేబుల్‌ను కొత్తగా మళ్లీ రాస్తుంది కాబట్టి దాదాపు అంతే చోటు ముందుగా ఖాళీ ఉండాలి. డిస్క్ నిండిపోయాక గుర్తొస్తే లాభం లేదు.

పోస్ట్‌గ్రెస్‌లో పేజీ 8 కేబీ, ఫైల్ 1 జీబీ దాటగానే ఇంకో ఫైల్ మొదలవుతుంది. ఫైల్ సైజ్ ముందే పెంచిపెట్టే సెట్టింగ్ ఉండదు కాబట్టి మీ చేతిలో ఉన్నది డిస్క్‌లో ఖాళీ ఉంచుకోవడమే. మామూలు వాక్యూమ్ పాత రికార్డుల చోటును మళ్లీ వాడుకునేలా చేస్తుంది, ఫైల్‌ను సాధారణంగా తగ్గించదు. వాక్యూమ్ ఫుల్ తగ్గిస్తుంది, కానీ అది అయ్యేదాకా ఆ టేబుల్‌ను ఎవరూ చదవనూ లేరు, రాయనూ లేరు. డబ్ల్యూఏఎల్ (పోస్ట్‌గ్రెస్ లాగ్) ఫోల్డర్‌లో 16 ఎంబీ ఫైళ్లు ఆగకుండా పేరుకుపోతుంటే చేత్తో డిలీట్ చేయకుండా రెప్లికేషన్ స్లాట్ల (కాపీ తీసుకునే రెండో సర్వర్ కోసం లాగ్‌ను పట్టి ఉంచేవి) జాబితా చూడండి. ఎప్పుడో తీసేసిన రెండో సర్వర్ స్లాట్ ఇంకా అక్కడే ఉంటే, దాన్ని డ్రాప్ చేశాక వచ్చే చెక్‌పాయింట్‌కు ఫైళ్లు వాటంతటవే తగ్గుతాయి.